ప్రభుదాస్ మాస్టారు ఫస్టుక్లాసులో నిద్రపోయిన సంగతి

ఏ.ఎస్. రావు నగర్ మొత్తానికి ప్రభుదాస్ మాస్టారంత ప్రార్థనాపరుడు లేడని సంఘమంతా ఒప్పుకున్న మాట. ఆదివారం పాస్టరుగారు "ప్రార్థన చేసుకుందాం" అనడమే ఆలస్యం, మాస్టారి తల వాలిపోయేది. అందరూ ఆమేన్ అని తలలెత్తేవారు, ఆయన తల మాత్రం లేచేది కాదు. కానుకల సంచీ ఆయన ముందుకొచ్చి ఒక్క క్షణం ఆగి, అంత దైవచింతనలో ఉన్న మనిషిని కదపడం పాపమని పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయేది. పాట అయిపోయేది, ప్రసంగం అయిపోయేది. గడ్డం రొమ్ముకు ఆనించి, నోరు కాస్త తెరిచి, మాస్టారు దేవుని సన్నిధిలోనే ఉండేవారు. మధ్యమధ్య గొంతులో గురగురమని ఏదో అడ్డుపడి, ఉలిక్కిపడి "ప్రభువా!" అనేవారు. వెనక బెంచీల్లో ఆడవాళ్లు కొంగులు నెత్తిమీదికి సర్దుకుని, "ఎంత భారంతో ప్రార్థిస్తున్నారో చూడండి" అని గుసగుసలాడుకునేవాళ్లు. ఆ గురక పుణ్యమా అని ఆయన సంఘపెద్ద అయ్యారు. ఒకసారి కాదు, మూడుసార్లు, అదీ పోటీ లేకుండా.

ఆయన భార్య ఎలీసబెతు ఆడవాళ్ల వైపు రెండో వరసలో కూర్చుని ఇదంతా చూసేది. మొగుడు ప్రార్థిస్తున్నాడో నిద్రపోతున్నాడో ముప్పై రెండేళ్లు కాపురం చేసిన మనిషికి ఒకరు చెప్పాలా? ముంజేతి కంకణానికి అద్దమెందుకు. అయినా నోరు మెదపలేదు. మెదపకపోవడంలో ఆమెకూ కాస్త లాభం లేకపోలేదు. స్త్రీల సమాజంలో ఆమె వస్తే లేచి కుర్చీ ఇచ్చేవాళ్లు. ఆమె కళ్ల కింద నల్లటి చారలు చూసి మాత్రం, "అంత భక్తిపరుడి పక్కన ఉండి కూడా అమ్మకు మనశ్శాంతి లేదు, విశ్వాసం తక్కువ కాబోలు" అనుకునేవాళ్లు. ఆ మాటా ఆమె చెవిన పడింది. దానికీ ఊరుకుంది.

మాస్టారిది తెనాలి దగ్గర పల్లె. డెబ్బై ఆరులో సికిందరాబాదు వచ్చి ఒక మిషన్ స్కూల్లో ఇంగ్లీషు పంతులుగా చేరారు, రెండువేల తొమ్మిదిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఈ ముప్పై మూడేళ్లలో ఆయన ఏం చేశారని అడిగితే ఒకటే జవాబు, మార్కులు వేశారు. పాఠం చెప్పారా అంటే అది పిల్లల్నే అడగాలి. మార్కులు మాత్రం గంటకు నలభై పేపర్ల చొప్పున వేసేవారు. జవాబు చదవనక్కర్లేదు, జానెడు పొడవుంటే ఆరు, మూరెడుంటే ఎనిమిది. ఇంటికొచ్చాక సాంబారుకు మార్కులు, పాస్టరుగారి ప్రసంగానికి మార్కులు. పెళ్లయిన వారానికి, "పెళ్లిచూపుల్లో నీకు అరవై రెండు వేశాను, అరవై దాటితే ఫస్టుక్లాసేగా" అని ఎలీసబెతుతో చెప్పి తనే నవ్వుకున్నారు. ఆమె నవ్వలేదు. ఆమె అప్పట్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు కాల్ ఆపరేటరు. నాలుగూళ్ల అవతల నుంచి వచ్చే పేర్లనూ నంబర్లనూ ఒక్క అక్షరం పోకుండా విని రాసుకోవడం ఆమె ఉద్యోగం. చదవకుండా మార్కులు వేసేవాడూ, వినకుండా ఒక్క మాట రాయనిదీ ఒక ఇంట్లో పడ్డారు.

రెండువేల పది జూలైలో, సాయంత్రం ఐదింటికి, మాస్టారు సైనిక్‌పురి నుంచి స్కూటరు మీద వస్తూ వస్తూ ఒక గప్‌చుప్ బండిని గుద్దేశారు. బఠానీల గిన్నె బోర్లాపడింది, మాస్టారి ఎడమ భుజం దగ్గర ఎముక చిట్లింది.

"కుక్క అడ్డమొచ్చింది" అన్నారు మాస్టారు, చుట్టూ చేరిన జనంతో.

"కుక్కా లేదు గిక్కా లేదు సార్. నువ్వు పండుకుంట వచ్చినవ్. నేను దూరంకెల్లి చూస్తనే ఉన్న" అన్నాడు బండివాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే బల్ల మీద పడుకోబెట్టి "ఊపిరి బిగబట్టండి" అంటే బిగబట్టారు. "వదలండి" అంటే వదల్లేదు. నిద్రపోయారు. ఎముకల డాక్టరు ఆ మనిషిని అటూ ఇటూ చూసి, "ముందు ఈయన నిద్ర సంగతి తేల్చండి" అని తిరుమలగిరిలో ఒక క్లినిక్కుకు చీటీ రాసిచ్చాడు. అక్కడ తలకూ ఛాతీకీ వైర్లు అంటించి, ముక్కు దగ్గర గొట్టం పెట్టి, వేలికి క్లిప్పు తగిలించి, ఒక రాత్రంతా మాస్టారి నిద్రను రాసుకున్నారు. వారం తిరక్కుండా నాలుగు పేజీల రిపోర్టు చేతికొచ్చింది. దాంతోపాటు ఒక పెట్టె. అందులో చిన్న మిషను, గొట్టం, ముక్కుకు పెట్టుకునే మాస్కు. ముక్కులోకి గాలి ఒత్తిడితో పంపి ఊపిరి దారి మూసుకుపోకుండా చూస్తుందట. పదిహేను రోజులు వాడి చూడమన్నారు.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను తీసుకుని, రిపోర్టును పరీక్ష పేపరులా ముందేసుకు కూర్చున్నారు. స్లీప్ లేటెన్సీ రెండు నిమిషాలు అని ఉంది. "చూశావా, పడుకోమన్న రెండు నిమిషాల్లో పడుకున్నాను" అని టిక్కు పెట్టారు. స్లీప్ ఎఫిషియెన్సీ తొంభై మూడు శాతం. "డిస్టింక్షన్!" ఏ.హెచ్.ఐ. యాభై నాలుగు. "సెకండుక్లాసు. ఫరవాలేదు, కొత్త సబ్జెక్టు." రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గినప్పుడు అరవై నాలుగు. "సైన్సులో ఫస్టుక్లాసు." ఆర్.ఇ.ఎం. నిద్ర ఎనిమిది శాతం. ఇక్కడ కాస్త ముఖం మాడ్చుకున్నారు. "ఇదొక్కటే పోయింది. టోటల్లో ఎత్తేయొచ్చులే." నాలుగో పేజీలో అంకెల్లేవు, డాక్టరు రాసిన మాటలే ఉన్నాయి. మాటలున్న పేజీ చదివే అలవాటు ఆయనకు ఉద్యోగంలోనే పోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, చదవకపోతే ఏమవుతుందో మాస్టారు చూపించారు.

"మరి ఈ పెట్టె?" అంది ఎలీసబెతు.

"పాసైనవాడికి ట్యూషనెందుకే?" అని ఆయన ఆ పెట్టెను పనిమనిషి చేత బీరువా మీద పెట్టించారు. స్కూటరు ప్రమాదం నుంచి కాపాడినందుకూ, ఫస్టుక్లాసు రిపోర్టు ఇచ్చినందుకూ శనివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెడుతున్నట్టు సంఘానికి కబురు చేశారు. మొదటి పేజీకి లామినేషను కూడా చేయించారు.

ఎలీసబెతు ఆ పేజీని నమ్మలేదు. మర్నాడు ఆయన పెన్షనర్ల సంఘానికి వెళ్లగానే కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని క్లినిక్కుకు ఫోను చేసింది. ఆ రాత్రి మాస్టారికి వైర్లు పెట్టి కనిపెట్టుకున్న టెక్నీషియను సుమిత్ర లైనులోకి వచ్చింది.

"అమ్మా, నేను ప్రభుదాస్ గారి భార్యని. రిపోర్టులో ఒక్కో మాట చెప్తాను, దానర్థం చెప్పండి. నిదానంగా చెప్పండి, రాసుకుంటున్నాను."

"అడుగుండ్రి ఆంటీ."

"స్లీప్ లేటెన్సీ రెండు నిమిషాలు."

"లైటు బంద్ చేసినంక నిద్ర పట్టేదాంక ఎంతసేపయిందో గది. మామూలోల్లకు పదో ఇరవయ్యో నిమిషాలు వడ్తది. సార్‌కు రెండే. ఒళ్లు నిద్రకు అంత మొకం వాచి ఉన్నదన్నట్టు. గది మంచిది గాదు."

"ఎఫిషియెన్సీ తొంభై మూడు?"

"మంచం మీదున్న టైంల ఎంతసేపు నిద్రల ఉన్నడో, గంతే. మంచిగ పండుకున్నడా లేదా అన్నది అది చెప్పది ఆంటీ. గది చూసి ఖుష్ కావొద్దు."

"ఏ.హెచ్.ఐ.?"

"అసలుది గదే. నిద్రల ఊపిరి మొత్తం ఆగితే అప్నియా అంటరు. ఆగకుంట సన్నగయితే హైపోప్నియా. పది సెకండ్లన్న ఉంటెనే లెక్కల వడ్తది. రెండు కలిపి గంటకు ఎన్నిసార్లయినయో గీ నంబరు. ఐదు లోపల ఉంటె నార్మల్. ముప్పై దాటితే జాదా అన్నట్టు. సార్‌ది యాభై నాలుగు."

ఎలీసబెతు పెన్సిలు ఆపింది. "అంటే తక్కువుంటే మంచిదా?"

"సున్నా ఉంటె ఇంక మంచిది."

"ఆక్సిజన్ అరవై నాలుగు?"

"తొంబై కిందికి పోవద్దు. ఒక్కపారి సార్ డెబ్బై సెకండ్లు ఊపిరే తీస్కోలే. నేను కుర్చీలకెల్లి లేచి తలుపుదాంక ఉర్కిన. గప్పుడు గుర్రుమని తీస్కున్నడు. ఆర్.ఇ.ఎం. అంటె కలలొచ్చే నిద్ర. మస్తు తక్కువైంది, ఊపిరి ఆగుడు మనిషిని దానికాడ్కి పోనిస్తలేదు. ఊపిరి ఆగినప్పుడల్ల మెదడు జెరసేపు లేపుతది, ఆయనకు ఎరుకనే ఉండది. అందుకే దినమంత కునికిపాట్లు. మిషిన్ పెట్టుకుంటున్నడా?"

"బీరువా మీద పెట్టారు."

"గట్ల చెయ్యకుండ్రి ఆంటీ. గుండెకు తక్లీఫ్ అయితది, పక్షవాతం సుత రావొచ్చు. బండి అస్సలు ఇయ్యకుండ్రి. మా డాక్టర్ సాబ్ నాలుగో పేజీల గదే రాసిండు" అంది సుమిత్ర.

సాయంత్రం ఎలీసబెతు రాసుకున్నదంతా మొగుడి ముందు పెట్టింది. మాస్టారు పైనుంచి కిందికి ఒకసారి చూసి, కాగితం తిప్పి ఇచ్చేశారు.

"తక్కువొస్తే మంచి మార్కులా? ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? వైర్లు తగిలించే పిల్ల నాకు ఇంగ్లీషు చెబుతుందా?"

"ఇంగ్లీషు కాదండీ, మీ ప్రాణం. నిద్రలోనే పోతారు."

"నిద్రలో పోవడం నీతిమంతుల చావు" అన్నారు మాస్టారు, టీ అందుకుంటూ. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, అదేదో కొరుకుతున్నావేమిటన్నాడట. కనీసం వాడు నిజంగా చెవిటివాడు.

శనివారం ఆరింటికి ముందుగది నిండా ప్లాస్టిక్ కుర్చీలు. పాస్టరు ఆర్థర్ గారు వచ్చారు, స్త్రీల సమాజం అధ్యక్షురాలు విమలమ్మ తన జట్టుతో వచ్చింది, మొత్తం పాతికమంది. రెండు పాటలయ్యాక మాస్టారు కట్టులో ఉన్న చేతిని పైకి కనిపించేలా పెట్టుకుని లేచారు. లామినేషను పేజీ ఎత్తి చూపించి, తొంభై మూడనీ అరవై నాలుగనీ చదివారు. "స్తోత్రం!" అన్నారు జనం. ఏ.హెచ్.ఐ. యాభై నాలుగన్నప్పుడు కూడా స్తోత్రమే అన్నారు. అది ఏమిటని అడిగినవాడు లేడు.

ఎలీసబెతు ఇక కూర్చోలేకపోయింది. సంఘంలో ఏనాడూ సాక్ష్యం చెప్పని మనిషి లేచి నిలబడింది. చేతిలో కాగితం పట్టుకుని, ట్రంకు కాల్ చదివినట్టు ఒక్కో మాటా చదివింది. లేటెన్సీ అంటే ఇదీ, అప్నియా అంటే ఇదీ, ఈయనకు ఊపిరి గంటకు యాభై నాలుగు సార్లు అందడం లేదు, ఒకసారి డెబ్బై సెకండ్లు అసలు లేదు. ఇవి మార్కులు కావు, రోగం. దానికి మందు బీరువా మీద ఉంది, ఈయన ముట్టుకోరు. మీరైనా చెప్పండి. అంతటితో ఆగలేదు. "మందిరంలో ఆయన చేసేది ప్రార్థన కాదండీ. నిద్ర. ఇన్నేళ్లూ మీరు చూసింది నిద్రే" అనేసింది.

మాస్టారి ముఖం సున్నం కొట్టినట్టయింది. ఎలీసబెతుకు మనసు తేలికపడింది. పరువు పోతే పోయింది, మనిషి దక్కుతాడు అనుకుంది.

అప్పుడు విమలమ్మ గొంతు సవరించుకుంది. "గంటకు యాభై నాలుగు సార్లు ఊపిరి పోతోందన్నావు కదమ్మా. మరి యాభై నాలుగు సార్లూ తిరిగి పోస్తున్నదెవరు?"

పాస్టరుగారు కుర్చీ అంచుకు జరిగారు. "అవును సుమండీ" అన్నారు.

"హల్లెలూయా!" అని వెనకనుంచి ఎవరో కేక వేశారు. అంతే, కట్ట తెగింది. బైబిల్లో చచ్చి లేచినవాళ్లంతా ఒక్కసారి లేచినవాళ్లే, మన మాస్టారు గంటకు యాభై నాలుగు సార్లు లేస్తున్నారని లెక్క తేల్చారు. రాత్రికి ఎనిమిది గంటలైతే ఎన్నని ఒకాయన వేళ్ల మీద గుణించాడు, నాలుగు వందల ముప్పై రెండు. ఆ సంఖ్యకు ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. మందిరంలో నిద్రపోవడమా? అది నిద్ర కాదు, ఆత్మలో మృతి చెంది తిరిగి లేవడమన్నారు. సున్నం కొట్టిన ముఖానికి రంగు తిరిగొచ్చింది. ఆదివారం ఆరాధనలో ఈ సాక్ష్యం చెప్పి తీరాలని పాస్టరుగారు పట్టుబట్టారు. మాస్టారు తల వంచుకుని, వినయంగా ఒప్పుకున్నారు. ఎలీసబెతు బూడిదలో పోసిన పన్నీరు వైపు చూస్తున్నట్టు తన కాగితం వైపు చూసుకుని, వంటింట్లోకి వెళ్లి కేకు ముక్కలు కోసింది.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. మాస్టారు వేదికెక్కి అప్నియా, హైపోప్నియా అని నోరు తిరక్కపోయినా పలికారు. అర్థాలన్నీ ఎలీసబెతు కాగితంలోంచి తీసుకున్నవే. నిన్నటిదాకా చదవనివాడు ఇవాళ కంఠతా చెబుతున్నాడు. చివర్లో, "వైద్యులు నాకొక యంత్రం ఇచ్చారు. దాన్ని నేను తాకలేదు. నా ఊపిరి ఆగిన ప్రతిసారీ ఒక హస్తం వచ్చి నన్ను తట్టి లేపుతోంది. అది ఉండగా నాకు యంత్రమెందుకు?" అని కుడిచేయి పైకెత్తారు. మందిరం దద్దరిల్లింది.

ఇంటికొచ్చి, ఆయన భోజనం ముగించగానే ఆమె సంచీ సర్దడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?"

"తిరుమలగిరికి. డోరా ఇంట్లో వారం రోజులుంటాను." డోరా ఆమె చెల్లెలు.

"ఏమైంది డోరాకి? ఒంట్లో బాలేదా?"

"దానికేం కాలేదు. నేను నిద్రపోవడానికి వెళ్తున్నాను."

"ఇక్కడ మంచం లేదా?"

ఎలీసబెతు రెండు చీరలు మడిచి పెట్టింది, తువ్వాలు పెట్టింది. మాస్టారు కాసేపు గుమ్మంలో నిలబడ్డారు. సంచీ జిప్పు లాగిన చప్పుడికి ఆయన గొంతు మారిపోయింది. వేదిక మీది గొంతు కాదది.

"నువ్వెళ్తే నన్నెవరు లేపుతారే?"

ఎలీసబెతు చేయి జిప్పు మీదే ఆగిపోయింది.

పంతొమ్మిదేళ్లుగా, ఆయన ఊపిరి ఆగిన ప్రతిసారీ, ఆమె మోచేత్తో ఆయన డొక్కలో పొడుస్తూనే ఉంది. ఆయన గుర్రుమని ఊపిరి తీసుకుని అటు తిరిగేవారు. ఆమె కళ్లు మూసుకునేది, మళ్లీ ఆగేది, మళ్లీ పొడిచేది. ఒక్కనాడైనా ఆయన కళ్లు విప్పి చూడలేదు. పొద్దున లేచి అడగలేదు. పాపం, నిద్రలో ఉన్న మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకుని ఆమె కూడా ఎన్నడూ చెప్పలేదు. అలా జాలిపడడంలోనే పంతొమ్మిదేళ్లు గడిచిపోయాయి. ఆయనకు తెలుసు. పొద్దున మందిరంలో చేయెత్తి చూపించిన హస్తం ఎవరిదో ఆయనకు బాగా తెలుసు. తెలిసే చెప్పారు.

"మీకు తెలుసన్నమాట" అంది.

మాస్టారు నేల చూపులు చూశారు.

"ఎవరు లేపుతారంటారేం? సంఘమంతా ఆమేన్ అందిగా. ఆ దేవుణ్ణే లేపమనండి."

"ఎగతాళి చేయకే. నాకు భయమేస్తోంది."

ముప్పై రెండేళ్లలో ఆ మనిషి నోట విన్న మొదటి నిజం అది. దానికి ఆమెకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని చూసుకుంది గాని, లేదు. బీరువా వైపు చూపించింది, అంతే.

మాస్టారు స్టూలు లాక్కుని, ఒంటిచేత్తో, పడుతూ లేస్తూ పెట్టె దించారు. గొట్టం తగిలించారు. మాస్కు ముక్కుకు పెట్టుకున్నారు గాని ఒక చెయ్యి కట్టులో ఉండడంతో తల వెనక పట్టీ బిగించుకోలేక ఆమె వైపు చూశారు. ఎలీసబెతు వెళ్లి బిగించింది. కాస్త ఎక్కువగానే బిగించింది. మిషను స్విచ్చి వేసింది. మధ్యాహ్నం మూడింటి వేళ మాస్టారు మంచం మీద వాలారు, రెండు నిమిషాల్లో నిద్రపోయారు.

ఆమె మంచం పక్కన నిలబడి విన్నది. గాలి సన్నగా బుసకొడుతోంది. ఛాతీ లేస్తోంది, పడుతోంది. మోచెయ్యి అలవాటు కొద్దీ రెండుసార్లు బిగుసుకుంది, దానికి పనిలేదు. ఐదు నిమిషాలు చూసింది, పది చూసింది, పావుగంట చూసింది. ఊపిరి ఒక్కసారీ ఆగలేదు. ఇంత చిన్న పెట్టె చేసే పనికి తన జీవితంలో పంతొమ్మిదేళ్ల నిద్ర ఖర్చయిందని ఆమెకు అప్పుడు ఒళ్లు మండింది. పైగా ఆ పెట్టె పేరైనా డాక్టరు చీటీలో ఉంది, తన పేరు ఎక్కడా లేదు.

మాస్టారి చెవి దగ్గరికి వంగి, "ఇక నాతో పనిలేదు" అంది. ఆయన వినలేదు. ఎలీసబెతు సంచీ తీసుకుని, తలుపు దగ్గరగా వేసి, తిరుమలగిరి ఆటో ఎక్కింది.